ముగ్గురం అక్కచెల్లెళ్లమని చెప్పి

మొన్న మా పక్క పోర్షన్ చూడటానికి నలుగురు ఆడపిల్లలు వచ్చారు. ఇంటివాళ్లు హైదరాబాదులో ఉంటారు కనుక తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వచ్చినవాళ్లకు గదులు చూపించి, నల్లా ఎప్పుడొస్తుందో చెప్పి, వాళ్ల సంగతులు ఫోనులో ఇంటివాళ్లకు చేరవేయడం నా వంతు. ఆ పిల్లలు బస్టాండు దగ్గర ఏదో పెద్ద బట్టల షాపులో పనిచేస్తారట. ఒకమ్మాయిది ఏర్గట్ల, ఇంకో అమ్మాయి మాటలో మరాఠీ యాస ఉంది, మిగతా ఇద్దరి ఊళ్లు నేను అడగలేదు. అలవాటు కొద్దీ, మీరు ఒకరికొకరు ఏమవుతారమ్మా అని మాత్రం అడిగాను. ఫ్రెండ్స్ ఆంటీ అని నలుగురూ ఒక్కసారే అనేసి, ఆ ఒక్కసారే అన్నందుకు మళ్లీ వాళ్లే నవ్వుకుని, కిటికీలోంచి గాలి వస్తుందో లేదో చూడటానికి లోపలికి పోయారు. నేను గడపలోనే నిలబడిపోయాను. ఇరవై ఏళ్ల పైమాట, ఇదే ఊళ్లో, కంఠేశ్వర్‌లో, ఒక ఇంటి గడపలో మా ముగ్గురినీ అదే ప్రశ్న అడిగిన రోజు కళ్లముందుకు వచ్చింది.

మన ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఎయిడ్స్ అనే మాట గోడల మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉండేది, రేడియోలో వినపడేది, ఇంట్లో మాత్రం ఎవరూ నోటితో అనేవాళ్లు కాదు, ఆ జబ్బు అని మాత్రమే అనేవాళ్లు. మాది ఇందల్వాయి పక్కన రోడ్డు మీది ఊరు. మా ఆయన లారీ నడిపేవాడు. మనిషి మంచివాడే, ఇప్పటికీ అదే అంటాను. ఆయన పోయిన తర్వాత నా రక్తంలోనూ ఉందని తేలాక అత్తగారింట్లో నా కంచం వేరైంది, తర్వాత నా పక్క వేరై పశువుల కొట్టంలోకి పోయింది, ఆ తర్వాత నేనే వేరయ్యాను. మా అన్న నన్ను బస్టాండు దాకా తీసుకొచ్చి, ఇంట్ల పిల్లలున్నరు చెల్లె, అర్థం చేసుకో అని, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, ఇరవై ఎనిమిదేళ్లదాన్ని, ఎటు పోవాలో తెలియక నిజామాబాదు పెద్ద దవఖానకు పోయాను. ఊరి నుంచి వచ్చిన నాకు అప్పుడు నిజామాబాదే మహానగరం.

అక్కడే ఒక బల్ల మీద మిగతా ఇద్దరూ కలిశారు. పెద్దక్కకు నలభై దాటాయి, బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ పనివాడి భార్య, మెథడిస్టు చర్చికి పోయే మనిషి. ఎక్కడో ఒక ప్రైవేటు క్లినిక్కులో ఆయాగా చేస్తుంటే, భర్త ఏ జబ్బుతో పోయాడో తెలిసిన మరునాడే రావద్దన్నారట. రెండోది చిన్నది. మేమిద్దరం దాన్ని ఎప్పుడూ చిన్నదనే పిలిచాం కనుక ఇక్కడా అలాగే రాస్తాను. బోధన్ పక్క ఊరి ముసల్మాను పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయో లేదో, భివండిలో మగ్గాల మీద పనిచేసే వాడికిస్తే వాడు ఏడాదిన్నరలో పోయాడు, ఒళ్లో నాలుగు నెలల ఆడపిల్లతో తిరిగి వస్తే అన్నావదినలు వాకిట్లోంచే పంపించేశారు. ఆ రోజు దవఖానలో బువ్వ తెచ్చుకున్నది పెద్దక్క ఒక్కతే. డబ్బా మూత తీసి మా ఇద్దరి మధ్య పెట్టి, అందులోనే చెయ్యి పెట్టి తినండి అంది. ఎన్నాళ్లకో నా చెయ్యి ఇంకొకరి చేతికి తగిలింది.

కలిసి ఉందామనుకున్నాం గానీ ఇల్లు ఎవరిస్తారు? మగదిక్కు లేని ముగ్గురు ఆడవాళ్లు, మూడు తీర్ల మనుషులు. ఆలోచించి ఒక కథ కట్టుకున్నాం. ముగ్గురం ఒకే తల్లి బిడ్డలం, పెద్దక్కకు భర్త లేడు, మా ఇద్దరి భర్తలూ దుబాయిలో ఒకే కంపెనీలో ఉన్నారు. ఆ రోజుల్లో మన జిల్లాలో దుబాయిలో మగవాడు లేని గల్లీ ఏదీ? ఆ కథ కోసం నేను తీసేసిన పుస్తెలతాడు లాంటిది మళ్లీ మెడలో వేసుకున్నాను, బొట్టు పెట్టుకున్నాను. అలవాటు తప్పి బొట్టు ముక్కు మీదికి జారింది. చిన్నదానికి పెద్దక్క దిద్దింది. అది అద్దంలో చూసుకుని నవ్వింది గానీ, ఆ నవ్వు వెనకాల భయం మా ఇద్దరికీ కనిపించింది.

కంఠేశ్వర్‌లో మాకు వెనకవైపు రెండు గదులిచ్చిన ఇంటి పెద్దమ్మ ఆంధ్రా ప్రాంతం నుంచి వచ్చిన రైతు కుటుంబం ఆవిడ. బోధన్ దగ్గర కాలువ కింద చెరకు తోటలు కొడుకులకు అప్పగించి, భర్త ఫొటోకు రోజూ దండ మారుస్తూ టౌన్లో ఒంటరిగా ఉండేది. మడీ ఆచారం గట్టివి, మనసు అంతకంటే గట్టిదని భయపడేవాళ్లం. మొదటి రోజే మా ముగ్గురినీ ఎగాదిగా చూసి, మీరు ఒకరికొకరు ఏమవుతారు అంది. పెద్దక్క అక్కచెల్లెళ్లం అంది. ఒక్కరికీ పోలికే లేదేం అంది ఆవిడ. మాది పెద్ద కుటుంబం, ఒకరు తల్లి పోలిక, ఒకరు మేనత్త పోలిక అని నేనేదో చెప్పాను.

అక్కడున్న ఏడాదీ మేము నడిచింది నేల మీద కాదు, కత్తి అంచు మీద. బీడీలు చుట్టుకుంటూ బతికేవాళ్లం, ఆకు కత్తిరిస్తూ కూడా వాకిలి వైపు చెవి పెట్టి ఉండేవాళ్లం. ఆదివారం పెద్దక్క ఎవరో చుట్టం ఇంటికని చెప్పి చర్చికి పోయేది. చిన్నది లోపలి గదిలో నమాజు చేసుకుంటున్నంతసేపు నేను గడపలో అడ్డంగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతుండేదాన్ని. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేదాన్ని. పండుగలకు మా ఇద్దరిలో ఒకరం ఎస్టీడీ బూతుకు పోయి కాసేపు నిలబడి వచ్చేవాళ్లం, మీ మరిది నిన్ను అడిగాడక్కా అని నేను పెద్దక్కతో ఇంటి పెద్దమ్మకు వినపడేలా అనేదాన్ని. ఇంటి పెద్దమ్మకు బోధన్ చుట్టుపక్కల ప్రతి ఊరూ తెలుసు కనుక చిన్నది తన ఊరి సంగతి బయటపడకుండా ఆవిడ ముందు నోరు మెదపకూడదని నియమం. దానికి చేయి కాలితే యా అల్లా అనే అలవాటు, అందుకని వంట దగ్గరికే రానిచ్చేవాళ్లం కాదు. ఒకసారి పాప అందరి ముందూ తల్లిని చూసి అమ్మీ అంది. ఇంటి పెద్దమ్మ, అమ్మీ ఏంటే అని కనుబొమలు ముడిచింది. పెద్దక్క నవ్వుతూ, మా దిక్కు ఆడపిల్లను అమ్మీ అనే పిలుస్తం గదా పెద్దమ్మా, మేం దాన్ని పిలిచినట్టే అదీ పిలుస్తున్నది అని పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. లోపలికొచ్చాక చూస్తే ఆమె జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది.

అన్నిటికంటే కష్టమైంది శ్రావణ శుక్రవారం. ఇంటి పెద్దమ్మ తన కోడళ్ల చేత వరలక్ష్మీ వ్రతం చేయించి మా ఇద్దరినీ పేరంటానికి పిలిచింది. నేను భర్త పోయినదాన్ని, చిన్నది వేరే మతం పిల్ల, అదీ భర్త పోయినదే. పోకపోతే అనుమానం, పోతే పాపం. పోయాం. పీటల మీద కూర్చోబెట్టి, వద్దంటున్నా వినకుండా, కోడళ్ల చేత రాయించాల్సింది, ఆ పెద్ద మనిషే కింద కూర్చుని తన చేత్తో మా పాదాలకు పసుపు రాసింది. నానబెట్టిన శెనగలు, తాంబూలం, రవికె గుడ్డ కొంగులో పోసింది. పసుపు కుంకుమలతో చల్లగా ఉండండే అంది. నేను తల ఎత్తలేదు. గదికొచ్చాక చిన్నది మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తప్పు చేశామని ఏడుస్తోందనుకున్నాను. కాదు. నన్ను గట్ల ఎవలన్న ముట్టుకోక ఎన్ని దినాలాయె అక్కా, కాళ్లు కడుక్కోబుద్ధైతలేదు అంది.

వానాకాలం పోయేసరికి దానికి దగ్గు పట్టుకుంది. అప్పటికి మన దగ్గర ఆ జబ్బుకు మందులు పేదవాళ్లకు అందేవి కావు. దవఖానవాళ్లు దగ్గుకూ జ్వరానికీ ఇచ్చేది ఇచ్చేవారు, ధైర్యం చెప్పేవారు, అంతకంటే వాళ్ల చేతుల్లోనూ ఏమీ లేదు. దగ్గు వినపడకుండా దిండు నోటికి అదుముకునేది. ఇంటి పెద్దమ్మ అడిగితే తంబాకు దుమ్ము పడదు అని చెప్పేవాళ్లం. ఆవిడ మిరియాల కషాయం కాచి పంపేది. ఒక మధ్యాహ్నం పెద్దక్క లేనప్పుడు చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, నేను పోతే నన్ను కాలవెట్టకుర్రి. మట్టిల పెట్టున్రి. మావోళ్లెవలన్న ఒక్కలు నా పేరు మీద దువా చెయ్యాలె. గంతే.”

నేను నోరు ముయ్యమని కసిరాను. అది నవ్వి, పాపను నా ఒళ్లోకి జరిపింది.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. పొద్దున ఎండ ఇంకా గోడ దిగలేదు, చిన్నది పెద్దక్క ఒళ్లో తల పెట్టుకుని, మంచినీళ్లు తాగి, అట్లాగే పోయింది. నా అరుపుకు ఇంటి పెద్దమ్మ పరుగున వచ్చింది. వచ్చి, ఒక్కసారి కళ్లు తుడుచుకుని, పెద్దరికం చేతిలోకి తీసుకుంది. పాపను ఎత్తుకుపోయి తన ఇంట్లో, సెలవులకు వచ్చి ఉన్న మనవరాలి దగ్గర కూర్చోబెట్టింది, ఎవరినో పంపి వెదుర్లు తెప్పించింది, కుండ తెప్పించింది, కొత్త చీర తన బీరువాలోంచి తీసింది. దుబాయికి ఫోను చెయ్యండే, వాడొచ్చేదాకా ఉంచలేం గానీ కబురైనా చెయ్యాలి కదా అని నన్ను తొందరపెట్టింది. పుణ్యస్త్రీగా పోయింది పిల్ల, ఆ పసుపూ కుంకుమా నేనే పెడతాను అంది. వాకిట్లో ఇద్దరు మనుషులు పాడె కట్టడం మొదలుపెట్టారు.

నేనూ పెద్దక్కా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నా మనసులో ఏముందో దాచను. పోయినది పోయింది, మట్టయితేనేం మంటయితేనేం, ఈ గదులు పోతే పాపను ఎక్కడ పడుకోబెడతాం అని నాకు అనిపించింది. ఆ మాట పెద్దక్క చెవిలో అన్నాను కూడా. ఇంటి పెద్దమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వంగబోతుంటే, పెద్దక్క తన కొంగు తడిపి చిన్నదాని నుదుటి మీద పాత బొట్టును మెల్లగా తుడిచేసింది.

“పెద్దమ్మా, పాడె వద్దు. ఈ పిల్ల తురుకోళ్ల పిల్ల. దీన్ని మట్టిల పెట్టాలె.”

“ఏంటే, దుఃఖంలో మతిపోయిందా నీకు?”

“పోలే. మేం నీకు అబద్ధం చెప్పినం. దీని మొగడు భివండిల సచ్చిపోయిండు. ఈమె మొగడు గూడ లేడు. మేం ఒక తల్లి పిల్లలం కాదు. మా ముగ్గురికి ఉన్నది ఒకటే, ఆ జబ్బు. దవఖానల కలిసినం.”

ఇంటి పెద్దమ్మ చేతిలో భరిణె అట్లాగే ఉంది. మా ఇద్దరినీ చూసింది, కింద పడుకున్నదాన్ని చూసింది, తన చేతులు చూసుకుంది. లేచి తన వాటాలోకి పోయి తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు విన్నాక గానీ మాకు తట్టలేదు, పాప ఆ తలుపు అవతలే ఉంది.

తలుపు కొట్టే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. నేను మసీదుకు పరుగెత్తాను. అక్కడి పెద్దాయన గడ్డం తెల్లబడ్డ మనిషి, గడప బయటే నిలబడి ఏడుస్తూ చెప్పినదంతా విన్నాడు. ఏ జబ్బు అని అడిగాడు. ఇక దాచడానికి ఏం మిగిలింది, చెప్పాను. పోయిన మనిషికి, మయ్యత్‌కు, బీమారీ ఏముంటదమ్మా, నువ్వు పో, మేం వస్తున్నం అన్నాడు. బోధన్‌లో తెలిసినవాళ్లకు ఫోను చేసి దాని అన్నకు కబురు పంపింది కూడా ఆయనే.

స్నానం చేయించడానికి వచ్చిన ముసలామె మాత్రం మా గడప దగ్గర ఆగిపోయింది. ఆమెను తప్పుపట్టను, అప్పుడు డాక్టర్లలోనే భయపడేవాళ్లుండేవారు. నేను చెప్పుత, మీరే చెయ్యిన్రి అంది. మేము అడ్డంగా చీర కట్టి, ఆమె బయటి నుంచి చెప్తుంటే, కుడి పక్క మొదలు, తర్వాత ఎడమ పక్క, మెల్లగా, బట్ట మీదుగానే, నీళ్లు పోస్తున్నాం. పెద్దక్క ఏడుస్తూనే, రోగులను కడిగిన అలవాటు మీద, చంటిపిల్లకు పోసినట్టు పోస్తోంది. బయట గొంతు హఠాత్తుగా ఆగింది. చూస్తే ఆ ముసలామె గాజులు పైకి జరుపుకుని లోపలికి వచ్చి, జరుగు బిడ్డా, గట్ల కాదు, నేను చేస్త అని నా చేతిలోంచి చెంబు తీసుకుంది.

మసీదు నుంచి వచ్చినవాళ్లు దాన్ని జనాజా మీద ఎత్తుకున్నప్పుడు గల్లీ తలుపులన్నీ మూసే ఉన్నాయి, కిటికీ తెరల వెనక మాత్రం మనుషులున్నారు. మేము గల్లీ చివరి దాకా పోయి ఆగిపోయాం. మధ్యాహ్నం దాటాక మట్టిచ్చి వస్తూ దాని అన్న మా దగ్గరికి వచ్చాడు. బస్సు దిగి సరాసరి కబరస్తానుకే పోయాడట, చేతుల నిండా మట్టి. నా భాంజీ, నా చెల్లె బిడ్డ ఏది అన్నాడు. తీసుకుపోతాడేమోనని పెద్దక్క చెయ్యి పట్టుకున్నాను. వెంటనే గొంతు తగ్గించి, దానికి గూడ ఉన్నదా అని అడిగాడు. ఇంకా తెలియదని, పద్దెనిమిది నెలలు నిండితేగానీ పరీక్షలో సరిగ్గా చెప్పలేమన్నారని పెద్దక్క ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అతను చేతుల మట్టి దులుపుకున్నాడు. తెలిసినంక కబురు చెయ్యిన్రి అని వెళ్లిపోయాడు.

తిరిగి వచ్చేసరికి ఆ తలుపు ఇంకా మూసే ఉంది. లోపల పాప ఏడుపు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. ఆగిపోవడమే ఎక్కువ భయపెట్టింది. వాకిట్లో విప్పి పడేసిన వెదుర్ల పక్కన మేమిద్దరం కూర్చున్నాం, పెద్దక్క పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోందో చిన్నదానితో మాట్లాడుతోందో తెలియలేదు. దీపాల వేళకు గడియ తీసిన చప్పుడైంది. ఇంటి పెద్దమ్మ బయటికి వచ్చింది. పాప ఆవిడ భుజం మీద నిద్రపోతోంది, తలస్నానం చేయించి ఉంది, మనవరాలి గౌను వేసి ఉంది. పాలు పట్టించాను, నిద్రలో ఉలిక్కిపడుతోంది, పక్కలో ఎవరో ఒకరు పడుకోండి అని పాపను నా చేతుల్లో పెట్టింది. తర్వాత గొంతు మారింది.

“జబ్బుకి కాదే నా బాధ. నా చేత మీ కాళ్లకి పసుపు రాయించుకున్నారు. ఆ వరలక్ష్మీ తల్లి ముందు. అది నేను మరిచిపోలేను. నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి.”

పెద్దక్క వంగి ఆవిడ కాళ్లు మొక్కబోయి, ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు గాలిలోనే ఆపేసింది. ఇంటి పెద్దమ్మ ఆ చేతులు చూసి కూడా కదల్లేదు, వెనక్కి జరగనూ లేదు.

మసీదు పెద్దాయన వాళ్ల గల్లీలోనే ఒక అర్ర చూపించాడు. ఇంటివాళ్లకు అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇప్పించాడు. రేకుల ఇల్లు, ఎండాకాలం కొలిమి, కానీ ఆ ఇంట్లో మొదటిసారి నేను వాకిలి వైపు చెవి పెట్టకుండా పడుకున్నాను. పాపకు పరీక్ష చేయించిన తర్వాత జవాబు చెప్పేదాకా పెద్దక్క పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. లేదని వచ్చింది. ఆ మాట విన్నాక దవఖాన మెట్ల మీదే ఇద్దరం కూలబడి నవ్వామో ఏడ్చామో చూసినవాళ్లే చెప్పాలి.

సంతోషం వెంటే భయం వచ్చింది. దాని అన్నకు కబురు చేస్తే పాపను తీసుకుపోతాడు. చేయకపోతే? పెద్దక్క, ఇంక అబద్ధాలు నాతోని కాదు అంది. కబురు చేశాం. భార్యతో సహా వచ్చాడు. పాప పెద్దక్క కొంగులో ముఖం దాచుకుంది, ఎంత పిలిచినా రాలేదు. అతని భార్య బిస్కెట్ పొట్లం చూపించింది, పొట్లం లాక్కుని మళ్లీ కొంగులోకే పోయింది. అతను నవ్వబోయి నవ్వలేక, ఈడనే ఉండనీయిన్రి, ఈద్‌కు మాత్రం నేను తీసుకపోత అన్నాడు. మాట తప్పలేదు. ప్రతి ఈద్‌కూ వచ్చాడు. చిన్నది పెట్టిన పేరుతోనే పాప పెరిగింది, దాని నమాజు అది చేసుకుంది, పెద్దక్కతో క్రిస్మస్‌కు కొత్త గౌను, నాతో బతుకమ్మ ఆడుకుంది. ఇప్పుడు బోధన్‌లో ఒక బడిలో టీచరు.

ఇంటి పెద్దమ్మ ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎదురుపడింది. తప్పుకుపోబోయాను. పిల్లకి ఎలా ఉందే అని ఆవిడే అడిగింది. లేదని వచ్చింది పెద్దమ్మా అన్నాను. పైట చెంగుతో కళ్లు అద్దుకుంది, ఇంటికి రమ్మని మాత్రం అనలేదు, గుంపులో కలిసిపోయింది. మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మందులు వచ్చాయి, సర్కారు దవఖానలోనే ఊరికే ఇవ్వడం మొదలైంది. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే అని పెద్దక్క ప్రతి గోళీ నోట్లో వేసుకునే ముందు అనేది. ఆ గోళీలతోనే ఆమె మనవరాళ్ల లాంటి పిల్లలను చూసేంత ముసలిదై, మొన్నమొన్న, జబ్బుతో కాదు, గుండె ఆగి పోయింది.

ఇప్పుడు నేనొక్కదాన్నే మందులకు పోతుంటాను. ఎవరికి వాళ్లు వస్తారు, కొన్ని నెలలకు సరిపడా గోళీలు ఒకేసారి సంచిలో వేసుకుంటారు, హెల్మెట్ కూడా తీయకుండా వెళ్లిపోయేవాళ్లున్నారు. ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లలను కంటున్నారు. చూస్తుంటే కడుపు నిండుతుంది. పోయినసారి ఒక కొత్త పిల్ల, చిన్నది పోయిన వయసే ఉంటుంది, ఒంటరిగా గోడవైపు తిరిగి నిలబడి ఉంటే ఊరుకోలేక దగ్గరికి పోయి, ఏ ఊరు బిడ్డా, ఏమన్నా తిన్నావా అని అడిగాను. ఆ పిల్ల మర్యాదగానే నవ్వి, తిన్నాను ఆంటీ అని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కొంచెం అవతలికి జరిగింది. తప్పు లేదు. బతకడానికి ఆ పిల్లకు ఒక మందు చాలు, మాకు ముగ్గురు మనుషులు కావలసి వచ్చింది. ఆ అవసరం తీరిపోవడం మంచిదేనని నాకు నేను చెప్పుకుంటాను, నిజంగానే మంచిది. అయినా ఆ పూట ఇంటికి పోయే ఆటోలో నా పక్కన ఖాళీగా ఉన్న సీటు చూస్తే, ఇద్దరిని కూర్చోబెట్టుకోవచ్చు గదా అనిపించింది.